మామ తెచ్చిన ప్రోటీన్ డబ్బా

పోయిన సంక్రాంతికి భివండి నుంచి మామ వస్తూ వస్తూ అమ్మకు ఒక పెద్ద ప్రోటీన్ పౌడర్ డబ్బా తెచ్చాడు. రెండు కిలోలది. డబ్బా మీద కండలు తిరిగిన పిలగాడి బొమ్మ.

"అక్కా, నీ తలకాయల ప్రోటీన్లు ఖరాబైనయని నీ బిడ్డ ఫోన్ల చెప్పింది. ఇవి కొత్తయి. దినాం రెండు చెంచాలు పాలల్ల కలుపుకొని తాగు."

తప్పు మామది కాదు, నాదే. ఇరవై రెండేళ్ల నుంచి నల్లగొండలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తున్నాను. సొంత మేనమామకు అమ్మకున్న పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు గురించి ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పబోయి "మెదడులో ప్రోటీన్ పాడవుతుంది మామా" అనేసి పెట్టేశాను. పాడైన పంపుకు కొత్త వాషర్ తెచ్చినట్టు ఆయన కొత్త ప్రోటీన్ తెచ్చాడు.

ఇంకో తంటా కూడా ఉంది. అమ్మకు గోలీలు రాసిన డాక్టరు, "పప్పు, గుడ్డు, పాలు వీటితో కలిపి ఈ గోలీ వేయొద్దు. తిండికి అరగంట ముందే వేసుకోవాలి" అని చెప్పాడు. అమ్మ డబ్బాను, గోలీల పట్టీని పక్కపక్కన పెట్టుకొని నన్నడిగింది.

"ఒకరు తాగమంటరు, ఒకరు దగ్గరికి రానియ్యొద్దంటరు. ఇంతకు ప్రోటీన్ మంచిదా, చెడ్డదా?"

ఆ పూట ఏదో చెప్పి తప్పించుకున్నాను. అప్పటి నుంచి అది బాకీలాగే ఉంది. అందుకే ఈ రాత.

మాది గట్టుప్పల్. సాలెవాళ్లం. నాయిన మగ్గం, అమ్మ ఆసు. ఆసు అంటే ఏమిటో ఈ కాలపు పిల్లలకు చెప్పాలి. చిటికి కట్టి రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ లెక్కగా సర్దుకోవాలి. ఒక వైపు ఒకటే మేకు, ఎదురుగా నెలవంకలా మేకుల వరస. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోగు పట్టుకున్న చెయ్యి ఆడుతూనే ఉండాలి. ఒక చీరకు ఆ చెయ్యి 9,000 సార్లు ఆడుతుందని లెక్క. మన ఉమ్మడి నల్లగొండ జిల్లాకే చెందిన చింతకింది మల్లేశం వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా ఇంటికి ఆ యంత్రం వచ్చేసరికి అమ్మ భుజం సగం అరిగింది. ఊళ్లో ఎవరు అడిగినా నాయిన "నేను నేసిన చీర" అనేవాడు. ఆసు పోసింది, కండెలు చుట్టింది, తెగిన పోగులు అతికింది ఎవరని ఎవరూ అడగలేదు. నేను కూడా.

కాబట్టి ఎనిమిదేళ్ల కింద అమ్మ కుడి భుజం పట్టేసినప్పుడు అందరం ఆసు మీదికే నెట్టాం. తర్వాత నడక నెమ్మదించింది, నడుము ముందుకు వంగింది. అప్పుడు ఫ్లోరైడ్ అన్నాం. చండూరు, మర్రిగూడ, నాంపల్లి దిక్కు పుట్టినవాళ్లకు ఇది అలవాటే. కీళ్లు బిగిసినా, ఒళ్లు వంగినా మొదటి అనుమానం బోరు నీళ్ల మీదికే పోతుంది. తరతరాలు ఆ నీళ్లు ఎముకల్ని వంచేసిన నేల ఇది, ఆ అనుమానంలో తప్పేమీ లేదు. కానీ రెండు సిద్ధ సమాధానాలు చేతిలో ఉండటం వల్ల మూడోది వెతకడానికి మాకు మూడేళ్లు పట్టింది.

హైదరాబాద్‌లో నరాల డాక్టరు అమ్మను వరండాలో అటూ ఇటూ నడిపించాడు. కుడి చెయ్యి ఊగడం లేదు. సంతకం పెట్టమన్నాడు. రాత్రి బడిలో నేర్చుకున్న సంతకం అమ్మది, బ్యాంకు తప్ప ఎక్కడా పెట్టదు. మొదటి అక్షరం మామూలుగా వచ్చింది, చివరికి వచ్చేసరికి ఆవగింజంత అయింది. తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకు నా గుండె ఆగినంత పనైంది.

"అమ్మా, వాసన తెలుస్తదా?"

చేతి వణుకు మొదలవడానికి చాలా ముందు, అమ్మ పొయ్యి పక్కనే కూచొని బియ్యం ఏరుతుంటే పాలు అడుగంటి మాడి ఇల్లంతా పొగ నిండింది. పక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చి నేను గట్టిగా అరిచాను. "ముక్కుందా లేదా నీకు?" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు, పొంగిందేమో అనుకున్నా బిడ్డా అంది. పార్కిన్సన్స్ చాలామందిలో వణుకు కంటే ఏళ్ల ముందే వాసన పోవడంతోనో, మలబద్ధకంతోనో లోపల మొదలవుతుందని నాకు అప్పటికి తెలియదు.

తిరుగు బస్సులో ఎల్బీనగర్ నుంచి నార్కట్‌పల్లి దాకా అమ్మ నా భుజం మీద పడుకుంది. నేను మాత్రం నా పాఠాలన్నీ మనసులో తిరగేసుకున్నాను. ప్రోటీన్ ఎలా తయారవుతుందో నలభై నిమిషాలు చెప్తాను. డీఎన్ఏ, ఆర్ఎన్ఏ, ప్రోటీన్ అల్లే రైబోజోమ్, ఒక్కో అమైనో ఆమ్లం వచ్చి గొలుసులో చేరడం, బొమ్మ వేయడం, గంట కొట్టడం. ఆ గొలుసు తర్వాత ఎన్నాళ్లు బతుకుతుంది, దాన్ని ఎవరు చూసుకుంటారు, పాడైతే ఎవరు తీసి పారేస్తారు అన్నది ఒక్క ఏడూ చెప్పలేదు. నేసినవాడి పేరు చెప్పి ఊరుకున్నాను.

ఆ చూసుకునే పని ఎంత పెద్దదంటే, మనిషి కణం ఒక్కదాంట్లోనే ప్రోటీన్ అణువులు వందల కోట్లలో ఉంటాయి. రైబోజోమ్ నుంచి బయటికి వచ్చేటప్పుడు ప్రోటీన్ ఒట్టి పోగు. అది తన తీరుగా మడత పడితేనే పనికొస్తుంది. ఆ మడత ఎలా ఉండాలో గొలుసులోని అమైనో ఆమ్లాల వరసలోనే రాసి ఉందని తేల్చినందుకు క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్‌కు 1972లో నోబెల్ ఇచ్చారు. కానీ ఆయన చూసింది పరీక్షనాళికలో, ఖాళీ జాగాలో. కణం లోపల అలా ఉండదు, జాతర రద్దీ ఉంటుంది. సగం మడత పడిన గొలుసుల జిగురు భాగాలు బయటికి తేలి, పక్కదాని జిగురు భాగాలకు అతుక్కుంటాయి. అతుక్కున్నాయంటే రెండూ పోయినట్టే.

అందుకని కణం కొన్ని ప్రోటీన్లను కేవలం తోడు కోసం పెట్టుకుంది. ఇంగ్లీషులో వాటిని షాపరోన్లు అంటారు. తెల్లవాళ్ల ఇళ్లలో పెళ్లి కాని పిల్ల వెంట పంపే పెద్దావిడ పేరు అది. నాకైతే మన తోడుపెళ్లికూతురే ఇంకా బాగా సరిపోతుంది అనిపిస్తుంది. పీటల దాకా పక్కనే ఉంటుంది, కొంగు సర్దుతుంది, తాళి మాత్రం ఆమెకు పడదు. షాపరోన్ కూడా అంతే, గొలుసు మడత కుదిరేదాకా పట్టుకొని ఉండి, కుదరగానే వదిలేసి ఇంకోదాని దగ్గరికి పోతుంది. తయారైన ప్రోటీన్‌లో దాని వాటా ఏమీ ఉండదు.

ఇవి బయటపడిన కథ నాకు చాలా ఇష్టం. ఇటలీలో ఫెరుచ్చో రిటోస్సా అనే యువకుడు పండ్ల ఈగల మీద పనిచేస్తున్నాడు. డిగ్రీ జువాలజీ చదివినవాళ్లందరికీ గుర్తుండే లావాటి పాలిటీన్ క్రోమోజోములే, లాలాజల గ్రంథుల్లోవి. ఎవరో ఇంక్యుబేటర్ వేడి పెంచేశారు. మామూలుగా అయితే తిట్టుకొని ఆ నమూనాలు పారేస్తాం. ఆయన సూక్ష్మదర్శినిలో పెట్టి చూశాడు. క్రోమోజోముల మీద ఎప్పుడూ లేనిచోట కొత్త ఉబ్బులు! అంటే వేడి తగలగానే ఏవో జన్యువులు హడావిడిగా లేచి కూచున్నాయి. ఒక పేరున్న పత్రిక దీనివల్ల జీవశాస్త్రానికి ఉపయోగం లేదని తిప్పి పంపింది. 1962లో వేరే పత్రికలో అచ్చయింది. ఆ జన్యువులు తయారుచేసేవే హీట్ షాక్ ప్రోటీన్లు. వాటిలో చాలామట్టుకు తోడు పని చేసేవే అని తర్వాతి కాలంలో తేలింది. మే నెలలో క్లాక్ టవర్ సెంటర్‌లో 45 డిగ్రీల ఎండలో ఆటో కోసం నిలబడినప్పుడల్లా నాకు రిటోస్సా గుర్తొస్తాడు.

ఇదంతా అమ్మకు ఎలా చెప్పాలి? శుక్లంతో మొదలుపెట్టాను. ఎందుకంటే అమ్మకు రెండు కళ్లూ ఆపరేషన్ అయినయి.

కంటి కటకం పారదర్శకంగా ఉండటానికి అందులోని కణాలు తమ కేంద్రకాన్ని, మిగతా సామానంతటినీ వదిలేసుకుంటాయి. కాబట్టి నడిమి భాగంలో కొత్త ప్రోటీన్ తయారుకాదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు చేసుకున్నదే చచ్చేదాకా. వాటికి కాపలా ఆల్ఫా క్రిస్టలిన్ అనే ప్రోటీన్. అది తోడు పని కూడా చేస్తుందని 1992లో జోసెఫ్ హార్విట్జ్ చూపించాడు. మన హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో, తర్వాత దానికి డైరెక్టర్ అయిన సీహెచ్ మోహనరావు బృందం దీని మీద ఏళ్లతరబడి పనిచేసింది. ఎండ, చక్కెర, వయసు అన్నీ కలిసి ప్రోటీన్లు ఒక్కొక్కటే చెదురుతుంటే ఆల్ఫా క్రిస్టలిన్ వాటిని పట్టుకుంటూ పోతుంది. పట్టుకునే చేతులు అయిపోయిన రోజు మిగిలినవి ముద్ద కడతాయి. పాలు విరిగినట్టే. అదే పొర.

"అయితే నా తలకాయల గూడ పొరొచ్చిందా?" అంది అమ్మ.

నాకంటే బాగా చెప్పింది. కాకపోతే కంటి పొరను తీసి ప్లాస్టిక్ కటకం పెట్టొచ్చు, తలకాయలో ఆ పని కుదరదు.

కటకంలా కాకుండా మెదడు కణానికి చెత్త తీసుకునే ఏర్పాట్లు రెండు ఉన్నాయి. మొదటిది, ఇక బాగుపడదు అనుకున్న ప్రోటీన్ మీద ఒక ముద్ర వేయడం. ఆ ముద్ర పేరు యుబిక్విటిన్, అది కూడా 76 అమైనో ఆమ్లాల బుల్లి ప్రోటీనే. ముద్ర పడినదాన్ని ప్రోటియాజోమ్ అనే పీపా లాంటి యంత్రం లోపలికి లాక్కొని ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు మళ్లీ అమైనో ఆమ్లాలై కొత్త వాటికి పనికొస్తాయి. దీన్ని విప్పి చెప్పినందుకు సీకానోవర్, హెర్ష్కో, రోజ్ ముగ్గురికీ 2004లో నోబెల్ వచ్చింది. కానీ పీపా నోరు చిన్నది. ముద్దలు కట్టినవి అందులో పట్టవు.

వాటికి రెండో దారి, ఆటోఫాజీ. కణం ఒక పొరసంచీ అల్లి ముద్దను, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పాతబడితే దాన్ని చుట్టేసి, చెత్తను అరిగించే లైసోజోముకు అప్పగిస్తుంది. జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమి పస్తు పెట్టిన ఈస్ట్ కణాల్లో దీన్ని పట్టుకున్నాడు, 2016లో నోబెల్. ఆ నోబెల్ మన వాట్సాప్‌లోకి వచ్చేసరికి "ఏకాదశి ఉపవాసానికి నోబెల్ బహుమతి" అయింది. మా చిన్నమ్మ పంపింది, అమ్మ చూసి శనివారం ఒక్కపొద్దు మొదలుపెడతానంది. ఓసుమి పస్తు పెట్టింది ఈస్ట్‌ను. అరవై ఏడేళ్ల మనిషిని, అదీ గంట ప్రకారం గోలీలు వేసుకునే మనిషిని కాదు. కళ్లు తిరిగి పడి తుంటి విరిగితే ఏ ఆటోఫాజీ అతకదు. ఈ విషయంలో నేను కొంచెం గట్టిగానే మాట్లాడాను, చిన్నమ్మ ఇంకా అలిగే ఉంది.

మెదడు కణాలకే ఈ బాధ ఎందుకంటే, అవి విభజన చెందవు. చర్మ కణం చెత్త పేరుకుంటే రెండుగా చీలి, చెత్తను పంచుకొని, ఆఖరికి రాలిపోతుంది. ఈ జబ్బులో దెబ్బతినే, డోపమైన్ అనే సందేశ రసాయనం చేసే మెదడు కణం మాత్రం అమ్మ ఎంత ముసలిదో అంతే ముసలిది. అమ్మ ఆసు పట్టిన నాడు ఉన్న కణమే ఇప్పుడూ ఉంది. పైగా తోడు ప్రోటీన్లు, ముద్ర వేసేవి, పీపా, ఇవన్నీ ప్రోటీన్లే కదా! వయసు వాటికీ వస్తుంది. సి. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పురుగు రెండు మూడు వారాలు బతుకుతుంది. వేడి దెబ్బకు తట్టుకునే శక్తి దానికి ముసలితనంలో తగ్గుతుందనుకుంటాం. రిచర్డ్ మోరిమోటో ప్రయోగశాలలో చూస్తే, గుడ్లు పెట్టడం మొదలైన కొద్ది గంటల్లోనే ఆ శక్తి ఒక్కసారిగా పడిపోయింది. పురుగు మాటను మనిషికి అంటగట్టకూడదని పిల్లలకు నేనే చెప్తాను. అయినా ఇరవై రెండేళ్లకే ముగ్గురు పిల్లల తల్లి అయిన అమ్మ ముఖం గుర్తుకు రాకుండా ఆ పేపరు చదవలేకపోయాను.

పార్కిన్సన్స్‌లో పాడయ్యే ప్రోటీన్ పేరు ఆల్ఫా సైన్యూక్లిన్. మామూలు రోజుల్లో నరాల కొసల దగ్గర ఉండి, సందేశాలు మోసే చిన్న సంచులను సర్దే పనిలో సాయం చేస్తుంది. పుట్టుకతోనే కుదురులేనిది, ఒక స్థిరమైన మడత ఉండదు. అది పోగుపడి కణంలో గుండ్రటి ముద్దలు కట్టడాన్ని 1912లోనే ఫ్రెడ్రిక్ లూయీ చూశాడు. ఆ ముద్దల్లో ఉన్నది ఇదేనని తెలియడానికి 1997 దాకా పట్టింది. అల్జీమర్స్‌లో అమిలాయిడ్, టౌ అనే ప్రోటీన్లు. హంటింగ్టన్స్ అనే ఇంకో మెదడు జబ్బులో ఇంకోటి. పేర్లు వేరైనా అన్నిట్లో పాడైనదాన్ని సర్దుకునే చేతులు చాలక పోగుపడటమే కనిపిస్తుంది.

ఇక్కడే మన భాషలో ఒక తమాషా ఉంది. తోడు అంటే వెంట ఉండే మనిషి. పాలల్లో వేసే పెరుగు చుక్క కూడా తోడే. పాడైన సైన్యూక్లిన్ ఈ రెండో రకం తోడు. ఒక్కటి తప్పుగా మడత పడితే పక్కన ఉన్న మంచివాటిని తన తీరుకు తిప్పుకుంటుంది. పార్కిన్సన్స్ రోగుల మెదడులో పిండ కణాలను నాటి చూశారు ఒకప్పుడు. పదేళ్లు దాటాక ఆ రోగులు చనిపోయినప్పుడు చూస్తే, నాటిన కొత్త కణాల్లోనూ కొన్నింట్లో అవే ముద్దలు. 2008లో ఈ సంగతి బయటికొచ్చింది. పాత గిన్నెలోంచి కొత్త పాలకు తోడు పడింది.

ఇది చెప్పినప్పుడు అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి నీకు గూడ తోడుకుంటదా?" అని అడిగింది. ఎక్కువ మందికి ఇది తల్లి నుంచి పిల్లలకు వచ్చేది కాదు, ముట్టుకుంటే అంటేది అసలే కాదు అన్నాను. నా చెయ్యి పట్టుకొని ఉన్నదల్లా అప్పటికే వదిలేసింది, మళ్లీ నేనే పట్టుకున్నాను.

ఇక డబ్బా సంగతి. అందులోని ప్రోటీన్ కడుపులోకి పోగానే అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. కొత్త ప్రోటీన్‌గా మెదడులోకి నడిచిపోయి పాతదాని స్థానంలో కూచోదు. అమ్మ కణాలకు నూలు కొరత లేదు, చిక్కులు తీసే చేతుల కొరత. గోలీ సంగతి వేరే. అందులోని లెవోడోపా కూడా అమైనో ఆమ్లమే. పేగులో, మళ్లీ మెదడు గడప దగ్గర, తిండిలోని అమైనో ఆమ్లాలు కొన్ని పోయే తలుపులోంచే అదీ పోవాలి. పప్పు, గోలీ ఒకేసారి పోతే తలుపు దగ్గర తోపులాట. అందుకే అరగంట ముందు. పప్పు చెడ్డది కాదు, దాని గంట వేరు. ఆ గోలీ డోపమైన్ లోటు పూడుస్తుంది, ముద్దల జోలికి పోదు. పార్కిన్సన్స్‌లో ముద్దల్ని ఆపే మందు ఇంకా లేదు. వేరే జబ్బుల్లో కొంత వెలుతురు ఉంది. ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రోటీన్ మడత విడిపోకుండా పట్టి ఉంచే టఫామిడిస్ అనే మందు గుండె, నరాల జబ్బు ఒకదానికి ఇప్పటికే వాడుకలో ఉంది. మందు రూపంలో తోడుపెళ్లికూతురు అన్నమాట.

మామకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "గంత పైసలు పెట్టి కొన్న, పారెయ్యకు" అన్నాడు. తమ్ముడి కొడుకు తాగేశాడు. డబ్బాలో ఇప్పుడు కండెలున్నాయి.

పోయిన ఆదివారం ఊరికి పోయాను. అమ్మ గద్దె మీద కూచొని ఉంది, ఒళ్లో కుడి చెయ్యి దానంతట అదే ఆడుతోంది. లోపల తమ్ముడి మగ్గం మీద పడుగులో పోగు తెగింది. ఈ జబ్బులో వణుకు చెయ్యి ఊరికే ఉన్నప్పుడే ఎక్కువ, పనిలో పడితే తగ్గుతుంది. పుస్తకంలో చదివినా కళ్లతో చూస్తే వేరు. అమ్మ లేచి పోబోయి, పొయ్యి మీద పాలు ఉన్న సంగతి గుర్తొచ్చి ఆగింది.

"బిడ్డా, నువ్విక్కడ కూసో. వాసనొస్తే చెప్పు" అని నన్ను పొయ్యి దగ్గర కూచోబెట్టి, పోగు అతకడానికి మగ్గం గుంట దగ్గరికి పోయింది.